రెండో దొంగ

క్రిప్టో కరెన్సీ పేరుతో జరిగే మోసాల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. మీ వీధిలోనే ఒకరిద్దరు బాధితులున్నా ఆశ్చర్యం లేదు. ఈ ప్రసంగం ఆ తర్వాతి ఘట్టం గురించి. డబ్బు పోయి కొన్ని నెలలు గడిచి, మనిషి కాస్త కుదుటపడే వేళకు "మీ సొమ్ము తిరిగి ఇప్పిస్తాం" అంటూ ఒక ఫోను వస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ఒక రిటైర్డ్ లెక్చరర్ గారిని ఊహించుకోండి. రాజమండ్రి అనుకుందాం. ఎవరో ఆయన్ని వాట్సాప్ గ్రూపులో చేర్చారు. యాప్ ఒకటి దించుకోమన్నారు. మొదట ఐదు వేలు పెడితే ఆరు వేలు బ్యాంకు ఖాతాలో పడ్డాయి. నమ్మకం కుదిరింది. రిటైర్మెంటు డబ్బులోంచి విడతలు విడతలుగా 8,20,000 రూపాయలు పెట్టారు. ఫోను తెర మీద అది 31 లక్షలైంది. తీసుకోబోతే ముందు పన్ను కట్టమన్నారు. కట్టారు. ఆ తర్వాత గ్రూపూ లేదు, యాపూ లేదు. ఇంట్లో ఆవిడకు సగం లెక్కే చెప్పారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయికి అసలు చెప్పనే లేదు.

కొన్నాళ్లకు ఫోను. ఎంతో మర్యాదగా. "నమస్తే సార్. మీరు ఫలానా యాప్‌లో 8,20,000 పెట్టి మోసపోయారు కదండీ? మేం బ్లాక్‌చెయిన్ ఫోరెన్సిక్ విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీ కాయిన్లున్న వాలెట్ దొరికింది. మీ పేరు మీద క్లెయిమ్ తెరిస్తే చాలు."

మాస్టారు ఎందుకు నమ్ముతారంటారు? ఆశ అని చటుక్కున అనేస్తాం. అది సగం సమాధానమే అని నాకనిపిస్తుంది. ఆయన్ని పట్టేసింది ఆ అంకె. కట్టుకున్న భార్యకే పూర్తిగా చెప్పని లెక్క అవతలి మనిషికి రూపాయితో సహా తెలుసు. దర్యాప్తు చేసినవాడైతే తప్ప ఎలా తెలుస్తుంది అనుకుంటారు ఆయన. కాస్త నిదానిస్తే ఇంకో జవాబు కూడా తట్టేది. ఆ లెక్క అందరికన్నా బాగా తెలిసినవాడు, తీసుకున్నవాడు.

చాలాసార్లు రెండో దొంగ మొదటి దొంగే. పేరు మార్చుకుంటాడు, ఫోటో మార్చుకుంటాడు, ఒక్కోసారి గొంతు కూడా ఇంకొకరిది. అతను కాకపోతే అతని దగ్గర జాబితా కొనుక్కున్నవాడు. మోసపోయినవాళ్ల జాబితాలకు బజారులో గిరాకీ ఉంటుంది. ఎవరు, ఫోను నంబరేమిటి, ఎంత పోగొట్టుకున్నారు, ఏ దారిలో కట్టారు, అన్నీ అందులో ఉంటాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ జాబితాల గురించి ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. ఇవి క్రిప్టోతో పుట్టినవి కావు. ఉత్తరాల్లో, ఫోనుల్లో లాటరీ మోసాలు సాగిన రోజుల నుంచే చేతులు మారుతున్నాయి. ఒకసారి కట్టినవాడు మళ్లీ కడతాడన్నది ఆ వ్యాపారం తెలిసినవాళ్ల లెక్క.

జాబితా బయటపడటానికి ఒక్కోసారి మొదటి దొంగతో పని కూడా ఉండదు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజి దివాలా తీసింది. ఎవరికి ఎంత రావాలో ఆ క్లెయిముల లెక్క చూసే పని క్రోల్ అనే సంస్థకు అప్పగించారు. 2023 ఆగస్టులో ఆ సంస్థ ఉద్యోగి ఒకరి మొబైల్ నంబరును దుండగులు తమ సిమ్ మీదకు మార్పించుకుని, దాని సాయంతో ఎఫ్‌టీఎక్స్, బ్లాక్‌ఫై, జెనెసిస్ బాధితుల వివరాలున్న ఫైళ్లలోకి చొరబడ్డారు. ఆ వెంటనే, మీ డబ్బు తీసుకోవడానికి మీకు అర్హత వచ్చింది, ఇక్కడ నొక్కండి అంటూ బాధితులకు మెయిళ్లు వెళ్లాయి. కోర్టు గుమ్మం దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లనే వలవేసి పట్టారన్నమాట. ఇక మన వాళ్లు తమంతట తామే యూట్యూబ్ వీడియోల కింద "నాకూ నాలుగు లక్షలు పోయాయి, ఎవరైనా సాయం చేయండి" అని రాసుకుంటారు. పది నిమిషాల్లో కింద జవాబు ప్రత్యక్షం. "నాకూ పోయాయి బ్రదర్, ఈయన తిరిగి ఇప్పించాడు, టెలిగ్రామ్‌లో కలవండి." ఆ బ్రదరూ ఆ ఈయనా ఒక్కరే.

సరే, మన మాస్టారి దగ్గరికి వద్దాం. మొదట అడిగేది చిన్న మొత్తమే. ఫైలు తెరవడానికి 12 వేలు. ఎనిమిది లక్షల ముందు 12 వేలు ఎంత అనిపిస్తుంది. కట్టగానే ఒక లింకు పంపుతారు. తెరిస్తే ఆయన పేరు, ఆయన మొత్తం, "రికవరీ 92 శాతం పూర్తి" అన్న గీత. మొదటి యాప్‌లో లాభం చూపించిన తెరకూ దీనికీ తేడా రంగుల్లోనే. తర్వాత గ్యాస్ ఫీజు అంటారు, వాలెట్ అనుసంధానం అంటారు, మనీ లాండరింగ్ లేదని సర్టిఫికెట్ అంటారు. చివర్న పన్ను.

ఈ పన్ను మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది నిజానికి బాగా దగ్గరగా ఉండే అబద్ధం. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. అదే ఏడాది జూలై 1 నుంచి లావాదేవీ మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. టీవీలో విన్నవాళ్లకు "సార్, 30 శాతం ముందు కట్టాలి" అంటే సబబుగానే అనిపిస్తుంది. అసలు చట్టం చెప్పేది లాభం మీద పన్ను. అది మన పాన్ మీద, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో, మనమే కట్టుకునేది. పోగొట్టుకున్న అసలు మీద, అదీ తిరిగి చేతికి రాకముందే, టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన యూపీఐ ఐడీకి కట్టే పన్ను ఏ చట్టంలోనూ లేదు.

పోయిన క్రిప్టోను వెనక్కి తేవడం అసలు సాధ్యమా అని ఎవరైనా అడిగితే, అరుదుగా సాధ్యమే అని నిజాయితీగా చెప్పాలి. లేదు అని కొట్టిపారేస్తే, ఎక్కడో ఒక వార్త చూసినవాళ్లు మన మాట నమ్మరు. ఎలా సాధ్యమో తెలిస్తే, ఎవరికి అసాధ్యమో కూడా తెలుస్తుంది.

బిట్‌కాయిన్ లావాదేవీ ఒకసారి బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో నమోదైతే దాన్ని రద్దు చేసే అధికారి ఎవరూ లేరు. బ్యాంకులోలా మేనేజరు లేడు, హెడ్డాఫీసు లేదు. ఒక చిరునామాలో ఉన్న నాణేలను కదపాలంటే దాని ప్రైవేటు కీ ఉండాలి. ఆ కీ చాలా పొడవైన సంఖ్య, దాన్ని ఊహించి పట్టుకోవడం ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా అయ్యే పని కాదు. అయితే ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు ఎంత వెళ్లిందో మాత్రం ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. దొంగలు గీసి పంపే బాణం గుర్తుల బొమ్మలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. కొన్నిసార్లు ఆ బొమ్మ నిజమే అయ్యుంటుంది కూడా. కానీ దొంగింటి కిటికీలోంచి మన బిందె కనబడటం వేరు, తాళం తీసి తెచ్చుకోవడం వేరు.

తాళం దొరికిన కేసులున్నాయి. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 1,20,000 బిట్‌కాయిన్లు దొంగిలించారు. 2022 ఫిబ్రవరిలో అమెరికా అధికారులు వాటిలో 94,000కు పైగా స్వాధీనం చేసుకున్నారు. ఏ మహా హ్యాకరో ఎదురుదాడి చేసి లాక్కోలేదు. కోర్టు వారెంటుతో నిందితుడి ఆన్‌లైన్ ఖాతా సోదా చేస్తే, అందులో దాచుకున్న ఫైల్లో కీలు దొరికాయి. అలాగే 2021లో అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ తన కంప్యూటర్లను స్తంభింపజేసిన దుండగులకు చెల్లించిన 75 బిట్‌కాయిన్లలో 63.7ను తిరిగి రాబట్టారంటే, ఆ వాలెట్ కీ అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చేతికి రావడం వల్లే.

ఇంకో దారి ఉంది. మన వాళ్లను పడేసే యాప్‌లలో ఎక్కువగా నడిచేది టెథర్ అనే కాయిన్, అంటే యూఎస్‌డీటీ. దాన్ని జారీ చేసే కంపెనీకి ఒక చిరునామాలోని టెథర్‌ను స్తంభింపజేసే వీలుంది. పోలీసులు, దర్యాప్తు సంస్థలు కోరినప్పుడు అలా చేసింది కూడా. ఎక్స్ఛేంజిలో ఉన్న ఖాతాను ఆపించాలన్నా అధికారిక లేఖే కావాలి. రూపాయి పెట్టిన బాధితుడికైనా, రుసుము తీసుకునే ప్రైవేటు మనిషికైనా ఆ అధికారం ఉండదు. క్రిప్టో జాడలు తీసే అసలు సంస్థలున్న మాట నిజం. వాటి నివేదికలు పోలీసులకు, కోర్టులకు పనికొస్తాయి. సొమ్ము తెచ్చి మన ఒళ్లో పోయడం వాటి చేతిలో లేదు, అలా తెస్తామని చెప్పినవాళ్లను అక్కడే అనుమానించాలి.

పోలీసులు పిలిపించుకున్న నిపుణుల విషయంలోనే ఏం జరిగిందో పుణె చూసింది. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్న గెయిన్‌బిట్‌కాయిన్ మోసం మీద 2018లో పుణె పోలీసులు దర్యాప్తు చేశారు. సాంకేతిక సాయానికి ఇద్దరు సైబర్ నిపుణులను తీసుకున్నారు, అందులో ఒకరు మాజీ ఐపీఎస్ అధికారి. నిందితుల వాలెట్లలోని క్రిప్టోను తమ వైపు మళ్లించుకున్నారన్న ఆరోపణ మీద 2022 మార్చిలో అదే పోలీసులు ఆ ఇద్దరినీ అరెస్టు చేశారు. కోర్టు తేల్చాల్సిన విషయం అది. పోలీసు స్టేషన్ లోపల, సంతకాలూ పంచనామాలూ ఉన్న చోటే ఇలాంటి ఆరోపణ రాగలిగితే, ముఖం చూడని వాడికి మన వాలెట్ తాళం చెప్పడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. వాలెట్‌కు తాళంలా పనిచేసే పన్నెండు లేదా ఇరవై నాలుగు పదాలను అడిగే హక్కు ఎవరికీ లేదు. "స్క్రీన్ చూపించండి సార్, నేనే చేసి పెడతాను" అంటూ ఫోన్‌లో దాన్ని దూరం నుంచే నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్‌లు వేయించడమూ అంతే. మిగిలిన బ్యాంకు ఖాతా కూడా ఖాళీ అవుతుంది.

ఇక వేషాలు. ఈ విషయంలో వాళ్ల శ్రద్ధకు ఒక్కోసారి ముచ్చటేస్తుంది. లాయర్ వేషం చాలా ఎక్కువ. క్రిప్టో బాధితులను బూటకపు న్యాయ సంస్థలు వెంటాడుతున్నాయని 2024 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. 2023 ఫిబ్రవరి నుంచి ఏడాది కాలంలో అలా పోయిన సొమ్ము 99 లక్షల డాలర్లకు పైమాటే అని లెక్క చెప్పింది. మన దగ్గర లాయర్ వేషాన్ని గుర్తుపట్టడం ఇంకా సులువు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం వకీలు తనంతట తాను క్లయింట్ల వెంటపడకూడదు, ప్రకటనలు ఇచ్చుకోకూడదు. కేసులో వచ్చిన సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదు. అడగకుండా మనకు మెసేజీ పెట్టి, "వచ్చినదాంట్లో 20 శాతం మాది" అనే అడ్వొకేటు, నిజంగా అడ్వొకేటే అయినా, తన వృత్తి నియమాలు దాటుతున్నట్టే.

పోలీసు వేషం ఇంకా ఘోరం. అమెరికాలో సైబర్ మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ కేంద్రం పేరు ఐసీ3. ఆ కేంద్రం ఉద్యోగులమని చెప్పుకుంటూనే బాధితులను దోచుకుంటున్నారని 2025లో ఎఫ్‌బీఐ ప్రకటించాల్సి వచ్చింది. ఇక్కడ రిజర్వు బ్యాంకు లెటర్‌హెడ్, సీబీఐ ముద్ర, నాలుగు సింహాలు వేసిన ఉత్తరాలు వస్తాయి. రిజర్వు బ్యాంకు మామూలు జనం పేరు మీద ఖాతాలు నడపదు, వాళ్ల సొమ్మును దాచి ఉంచి విడుదల ఫీజు అడగదు. ఫిర్యాదు నమోదుకు పోలీసులకు రూపాయి కట్టనక్కర్లేదు. ఇంకొందరు "మాది ఎఫ్ఐయూలో రిజిస్టర్ అయిన సంస్థ" అంటారు. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజిలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాల్సిన మాట నిజం. ఆ నమోదు పోయిన సొమ్ము రాబట్టే లైసెన్సు కాదు.

నిజమైన వార్తలు కూడా వాళ్లకు పెట్టుబడే. 2025 అక్టోబరులో కంబోడియాకు చెందిన ప్రిన్స్ గ్రూపు అధినేత మీద అమెరికా కేసు పెట్టి, 1,27,271 బిట్‌కాయిన్లు తమ అధీనంలో ఉన్నాయని ప్రకటించింది. అప్పటి ధరకు అది సుమారు 1500 కోట్ల డాలర్లు. అలాంటి వార్త వచ్చిన వారానికి "అందులో మీ వాటా ఉంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే, వాడు పేపరు చదివాడని మాత్రమే అర్థం. కంబోడియా అంటే మనకు మరీ దూరం కాదు. ఉద్యోగాలని తీసుకెళ్లి మన కుర్రాళ్ల చేత అక్కడ సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. కాబట్టి అవతలి గొంతు చక్కటి తెలుగు మాట్లాడితే మనవాడే అని మెత్తబడక్కర్లేదు.

నిజంగా సొమ్ము తిరిగొచ్చే దారి ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఈ వేషాలు ఇట్టే తెలిసిపోతాయి. అది నత్తనడకన సాగుతుంది. కాగితాలుంటాయి. విసుగొస్తుంది. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014లో మూతపడింది. కోర్టు నియమించిన ధర్మకర్త బాధితులకు బిట్‌కాయిన్లు తిరిగివ్వడం మొదలైంది 2024 జూలైలో. సొమ్ము చిక్కుకుపోయిన మన అగ్రిగోల్డ్ కంపెనీ డిపాజిట్‌దారులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పది వేల లోపు డిపాజిట్లున్న వాళ్లకు, 2021లో ఇరవై వేల లోపు వాళ్లకు చెల్లించింది. జాబితాలు వేశారు, పత్రాలు చూశారు, బ్యాంకు ఖాతాల్లో జమ చేశారు. తెలంగాణలో 2024 నుంచి సైబర్ మోసాల్లో బ్యాంకులు ఆపి ఉంచిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు. వీటిలో ఏదీ "48 గంటల్లో గ్యారంటీ" అనదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు, వాళ్ల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఒక చట్టం గుర్తుపెట్టుకుంటే మంచిది. ఫోన్లో వ్యాపారం చేసేవాళ్లకు వర్తించే అక్కడి ఫెడరల్ నిబంధన ప్రకారం, పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామన్నవాడు ఆ సొమ్ము బాధితుడికి అంది ఏడు పనిదినాలు గడిచేదాకా ఫీజు అడగకూడదు. ముందే అడగడమే ఆ నిబంధనకు విరుద్ధం. మన దేశంలో అచ్చంగా ఇలాంటి నిబంధన ఒకటి ఉండాలని నా అభిప్రాయం. ఆ ఒక్క వాక్యం టీవీలో పదిసార్లు వినిపిస్తే చాలామంది 12 వేల దగ్గరే ఆగిపోతారు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మోసపోయిన మనిషిని "ఆశకు పోయావు" అని దెప్పడం మనకు అలవాటు. మొదటిసారి సంగతి ఎలా ఉన్నా, రెండోసారి ఆ మనిషిని నడిపించేది లాభాపేక్ష అనుకోను. నా డబ్బు నాకు రావాలన్న న్యాయమైన పట్టుదల, దానికి తోడు ఇంట్లో ఎవరికీ తెలియకముందే పూడ్చేయాలన్న ఆత్రం. ఆ గుట్టు మీదే రెండో దొంగ బతుకుతాడు. "ఈ విషయం ఎవరికీ చెప్పకండి సార్, దర్యాప్తు దెబ్బతింటుంది" అని వాడు ఊరికే అనడు. మాస్టారి అబ్బాయికి మొదటి రోజే తెలిసి ఉంటే, "నాన్నా, ఆ నంబరు ఒకసారి నాకివ్వండి, నేను మాట్లాడతాను" అనేవాడు. ఆ ఫోను అంతటితో కట్టయ్యేది.

ఇప్పటికే ఆ 12 వేలు, లక్షో, రెండు లక్షలో కట్టేసినవాళ్లు నా మాట వింటుంటే, చాటింగ్ చెరిపేయకండి. ఫోన్ నంబర్లు, యూపీఐ ఐడీలు, లావాదేవీ నంబర్లు, వాలెట్ చిరునామాలు, వాళ్లు పంపిన ఉత్తరాలు అన్నీ దాచండి. ఇక కట్టం అని వాళ్లతో వాదనకు దిగకండి. వాదిస్తే కేసు పెడతామని బెదిరిస్తారు, లేదా ఫీజు సగానికి తగ్గిస్తారు. రెండూ ఒకటే. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ వెంటనే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాయండి, దగ్గర్లోని సైబర్ క్రైమ్ పోలీసులను కలవండి. ఆ పోర్టల్ చిరునామాను మీరే టైపు చేయండి. వెతికితే పైన కనిపించే ప్రకటనల్లో, ఎవరో పంపిన లింకుల్లో నకిలీవీ ఉంటాయి.

ఒకసారి ఫిర్యాదు చేశాం కదా, మళ్లీ ఏ ముఖంతో వెళ్లడం అని చాలామంది వెనకాడతారు. తప్పకుండా వెళ్లండి. మొదటిసారి పోయిన సొమ్ము టెథర్‌గా మారి ఎప్పుడో దేశం దాటి ఉండొచ్చు. ఈ రెండోసారి కట్టిన ఫీజులు చాలావరకు యూపీఐలోనో, ఐఎంపీఎస్‌లోనో ఇక్కడి బ్యాంకు ఖాతాలకే వెళ్తాయి. ఫిర్యాదు మొదటి కొన్ని గంటల్లో అందితే, ఆ ఖాతాలో మిగిలి ఉన్న సొమ్మును అక్కడికక్కడే ఆపించే ఏర్పాటు 1930లో ఉంది. క్రిప్టో రూపంలో పోయిన ఎనిమిది లక్షల కన్నా, నిన్న రాత్రి పంపిన నలభై వేలు దొరికే అవకాశమే ఎక్కువ. ఇవాళే ఫోన్ చేస్తే.